కొలంబోలో నీళ్ల మాట ఎత్తని రోజు

మాఘమాసం, బుధవారం, పొద్దున ఆరుంబావు. కొలంబోలో సముద్రానికి దగ్గర వీధిలో ఒక బాడుగ గది. స్నానాల గదిలో కొళాయి కారుతోంది. నేను మంచం మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉన్నాను.

చేతులు అట్లా ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. లేకపోతే తక్కినదేదీ మీకు అర్థం కాదు.

మాది బళ్లారి పక్క సిరిగేరికి అవతల, కాలువ కింద పొలం. మా నాయన కృష్ణా పక్కనుంచి వచ్చి అక్కడ భూమి కొన్నాడు. నేను పుట్టిందీ, తెలుగూ కన్నడమూ రెండు భాషల్లో తిట్లు నేర్చుకున్నదీ అక్కడే. మా పొలం కాలువ తోకలో ఉంటుంది. పైవాళ్లు తూములు ఎత్తుకున్నారంటే మా దాకా వచ్చేది బురదే. అందుకని మా వంతు వచ్చిందంటే నేను గట్టు మీదే తింటాను, గట్టు మీదే పడుకుంటాను. మా పెద్దమ్మాయి నిశ్చితార్థం నాడు తాంబూలాలు మార్చుకునే వేళకు నేను తూము దగ్గర ఉన్నాను. చిన్నమ్మాయి కాన్పు నాడూ అక్కడే ఉన్నాను. ఇందులో తప్పేమీ లేదు. పంట వచ్చింది.

నా భార్య సరోజమ్మ అట్లా అనుకోదు.

కొన్నేళ్ల కింద బళ్లారి నుంచి ఒక యాత్రా బృందంతో మేము మొదటిసారి కొలంబో వచ్చాము. దిగిన రోజు నా ఫోను పనిచేయలేదు. పక్క పొలం బసప్ప నాకు కాలువ సంగతి చెప్పలేకపోయాడు. ఆ ఒక్క రోజు నేను రోడ్డు దాటేటప్పుడు ఆమె చేయి పట్టుకున్నానట, ఆప్పం తుంచి పెట్టానట, సముద్రం ఒడ్డున ఆమె చెప్పిందంతా విన్నానట. నాకు సగం గుర్తు లేదు. ఆమెకు అంతా గుర్తుంది. అప్పటినుంచి మా ఇంట్లో కొలంబో అంటే స్వర్గం కిందే లెక్క. ఎవరైనా కాశీకి పోయివచ్చి చెబుతుంటే మధ్యలో ఈమె కొలంబో గురించి మొదలుపెడుతుంది.

ఈసారీ బృందంతోనే వచ్చాం. బుధవారం అందరూ బస్సెక్కి కొండ మీది ఊరికి పోయారు. మేము రామని సరోజమ్మ చెప్పేసింది. తెల్లవారగానే నా ఫోను తీసి, ఆర్పి, తన సంచిలో అడుగున పెట్టింది. తర్వాత నిదానంగా అంది.

"ఇయ్యాల పొద్దు గూకేదాకా నువ్వు నీళ్ల మాట ఎత్తకూడదు. కాలవ మాట, తూము మాట, వంతు మాట, ఏదీ వద్దు. అప్పుడు వచ్చినప్పుడు ఉన్నట్ల నాతో ఉండాల. ఎత్తితివా, ఊరికి పోయినంక నేను ఇంటికి రాను. తెక్కలకోటలో మా చెల్లెలి ఇంటికాడ దిగుతా. ఆడ్నే ఉంటా. నువ్వు కాలవకాడే సంసారం చేసుకో."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నిజంగానే చెప్తాండా. మా చెల్లెలు గది కడిగి పెట్టింది. ట్రంకుపెట్టె పోయిన నెల్లోనే పంపించినా."

పెట్టె కనబడకపోవడం నేనూ చూశాను. కీలు బాగుచేయించడానికి ఇచ్చిందేమో అనుకున్నాను.

అప్పుడే ఆ కొళాయి కారడం మొదలుపెట్టింది. కారే నీళ్లు కట్టేయందే నా చేతులు ఆగవు, ఇక వాటిని ఎక్కడ పెట్టుకోవాలి?

రైలు పెట్టెలో

కొలంబోలో రైలు సముద్రాన్ని ఆనుకుని పోతుంది. అల గట్టిగా కొడితే తుంపర కిటికీలోంచి ముఖం మీద పడుతుంది. తలుపులు వేయరు. ఆఫీసులకు పోయే మగపిల్లలు ఇస్త్రీ చొక్కాలతో వేలాడుతూ పోతుంటారు. మన వైపు రైల్లో ఒకడు కూర్చుంటే పక్కవాడు ఊరు, కులం, పిల్లల చదువు అడిగి ఇడ్లీ ఇస్తాడు. ఇక్కడ నవ్వి, జరిగి చోటిస్తారు, అంతటితో ఊరుకుంటారు. నాకు అదే నచ్చింది. సరోజమ్మకు నచ్చలేదు. ఆమె దగ్గర చెప్పడానికి చాలా ఉంది.

ఆమె సముద్రం వైపు కూర్చుంది. నేను రెండో వైపు చూశాను. అది పొరపాటు. కొంచెం కొంచెం దూరానికి ఒక పెద్ద మోరీ ఊళ్లోంచి వచ్చి పట్టాల కింద దూరి సముద్రంలో కలుస్తోంది. అందులో ఒకటి నిండుగా పారుతోంది. నీళ్లు తేటగా ఉన్నాయి. రాత్రి వాన పడినట్టుంది. ఆ పారుదల మా పిల్లకాలువకు ఒక్కపూట ఇస్తే తోకదాకా తడుస్తుంది. దాన్ని తీసుకుపోయి ఉప్పులో కలుపుతున్నారు.

"ఏమి చూస్తాండావు?" అంది సరోజమ్మ.

"సముద్రం."

"సముద్రం ఈ పక్క ఉండాది."

నేను తల తిప్పాను. కొంతసేపటికి ఒక అనుమానం వచ్చింది. సముద్రం మాట ఎత్తవచ్చా, కూడదా? అడిగాను. ఆమె ఆలోచించి తీర్పు చెప్పింది.

"ఎత్తొచ్చు. అది వరికి పనికిరాదు."

"టీ?"

"టీ అనొచ్చు."

"వాన?"

"పడినప్పుడు చూద్దాం."

బజారులో బియ్యం

పెట్టా అని అక్కడొక బజారు. మన బళ్లారి బజారుకు పది రెట్లు ఉంటుంది. ఒక వీధి అంతా చెప్పులు, ఒక వీధి అంతా గడియారాలు, ఒక వీధి అంతా ఎండుచేపలు. మూటలు మోసేవాళ్లు అరుస్తూ వస్తారు. పక్కకు తప్పుకోకపోతే మనల్నీ మూటతోపాటు తోసుకుపోతారు.

అంగళ్ల మీది రాత చూస్తే నాకు ముచ్చట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక. నేర్పింది సరోజమ్మే, పొయ్యి ముందు బూడిదలో. సింహళం అక్షరాలు మన అక్షరాల మాదిరే గుండ్రంగా ఉంటాయి. దూరంనుంచి చూస్తే చదివేయగలననిపిస్తుంది. దగ్గరికి పోతే ఒక్కటీ పలకదు. పెళ్లిలో మన మేనత్త పోలికతో ఎవరో కనబడితే పలకరించడానికి పోయి, ముఖం చూసి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది.

బియ్యం అంగడి ముందు నా కాళ్లు ఆగిపోయాయి. ఎర్రబియ్యం, తెల్లబియ్యం, జీలకర్రంత చిన్న గింజ. నేను రెండు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరికాను. అంగడాయన, లుంగీ కట్టిన లావు మనిషి, నన్ను చూసి తానూ రెండు గింజలు కొరికాడు. ఇద్దరం కాసేపు కొరుకుతూ నిలబడ్డాం. ఆయనకు నేను రైతునని తెలిసిపోయింది. చేత్తో నాటు వేసినట్టు చూపించి, నావైపు వేలు పెట్టాడు. నేను అవునని తల ఊపాను. తర్వాత ఆయన అరచేతిని నేల మీద పారుతున్నట్టు కదిలించి, కనుబొమలు ఎగరేశాడు. మీ పక్క నీళ్లు ఎట్లా ఉన్నాయని.

సరోజమ్మ నా పక్కనే ఉంది. ఆమె చూపు నా చేతుల మీద ఉంది.

నేను చేతులు వెనక్కి కట్టుకుని, కాదని తల అడ్డంగా ఊపాను.

ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో," అన్నాడు. ఆ మాట వాళ్లదీ మనదీ ఒకటే. నీళ్లు లేవని, కరువని ఆయన అనుకున్నాడు. నేను మళ్లీ కాదని ఊపాను. ఇంకా పెద్ద కరువనుకున్నాడు. లోపలికి పోయి భార్యను పిలుచుకొచ్చాడు. ఆమె నన్ను చూసి "అయ్యో" అని, కాగితంలో కొంచెం ఎర్రబియ్యం పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. కాలువ కింద ఎకరాల కొద్దీ పొలం ఉన్నవాణ్ణి కొలంబో బజారులో బియ్యం భిక్ష పుచ్చుకున్నాను.

"తీసుకో," అంది సరోజమ్మ. "మర్యాదగా ఇచ్చినారు."

ఆప్పం అంగడి

పొద్దుటి పలారం కోసం ఒక చిన్న హోటలుకు పోయాం. వాళ్ల ఆప్పం మన దోసెకు అక్క వరస. అంచు కరకరలాడుతుంది, నడుమ దూదిలా ఉంటుంది, దానిలో గుడ్డు కొట్టి ఇస్తారు. నంజుకోవడానికి పచ్చికొబ్బరి, ఎండుమిరప నూరిన కారం. ఆ కారం మన ఊరుబిండి పచ్చడికి సమానం. ధర అడిగితే గుండె ఆగుతుంది, వందల్లో చెబుతారు. వాళ్ల వంద మన వంద కాదని గుర్తుకు రావడానికి నాకు ప్రతిసారీ కొంచెం సేపు పట్టింది.

కారం గొంతులో పడింది. నా ముందు లోటా పెట్టలేదు. అడగాలంటే ఆ మాట ఎత్తాలి.

నేను బొటనవేలు నోటి వైపు చూపించాను. వడ్డించే మనిషి పళ్లు కుట్టుకునే పుల్ల తెచ్చాడు. గొంతు తట్టి చూపించాను. మాత్ర తెచ్చాడు. తల వెనక్కి వంచి గుటక వేసినట్టు చూపించాను. వాడు భయపడి నన్ను వీపు మీద గుద్దాడు. సరోజమ్మ అంతసేపూ ఆప్పం తింటూ చూసింది. చివరకు తన లోటా నా ముందుకు తోసింది.

"అడగొచ్చు గద," అంది.

"నువ్వు ఎత్తొచ్చన్నవాటిలో ఆ మాట రాలేదు," అన్నాను.

గొడుగు కింద

మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డున పెద్ద మైదానానికి పోయాం. అక్కడ గోడ పొడవునా గొడుగులు. ఎండకు అనుకునేరు. ప్రతి గొడుగు వెనకా ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు. ముఖాలు కనబడవు, నాలుగు కాళ్లు కనబడతాయి. మన పక్క ఇట్లా కూర్చుంటే ఊరంతా వచ్చి గొడుగు లాగేస్తుంది. ఇక్కడ పల్లీలమ్మేవాడు కూడా గొడుగుకు దూరంగా నిలబడి దగ్గుతాడు.

సరోజమ్మ నల్లగొడుగు తీసింది. మేమూ గోడ మీద కూర్చున్నాం. వడ మీద రొయ్యలు అతికించి వేయిస్తారు అక్కడ. అది తింటూ ఆమె మాట్లాడింది, నేను విన్నాను. నిజంగానే విన్నాను, వేరే పనేమీ లేదు.

"చెల్లెలి ఇంట్ల మిద్దె మీద గది," అంది. "కిటికీ తెరిస్తే బస్టాండు కనబడుతుంది. సిరుగుప్ప బస్సులు, బళ్లారి బస్సులు. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు. నలుగురు మనుషులను చూస్తా ఉండొచ్చు. మన ఇంట్ల కిటికీ తెరిస్తే గట్టు, గట్టు మీద నువ్వు, నీ వీపు."

ఆమె కోపంగా చెప్పలేదు. కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది. మంచం ఏ మూల వేసుకోవాలో కూడా చెప్పింది. అప్పుడు నాకు భయం వేసింది. కోపంగా ఉన్న మనిషిని మాటతో ఆపవచ్చు. మంచం మూల దాకా పోయిన మనిషిని ఆపడం కష్టం.

ఇంతలో ఎవరో గొడుగు మీద కర్రతో తట్టారు. పోలీసాయన. పిల్లలెవరో మరీ దగ్గరగా కూర్చున్నారనుకున్నట్టున్నాడు. వంగి చూశాడు. నా తెల్లమీసం, సరోజమ్మ చేతిలో సగం కొరికిన వడ. ఆయన టోపీ సర్దుకుని, మాకు దండం పెట్టి, వెనక్కి నడుచుకుంటూ పోయాడు. సరోజమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకా పొద్దు చాలా ఉంది.

పార్కులో

ఎండ తగ్గాక, కాసేపు కూర్చుందామని ఊరి నడుమ ఒక పార్కుకు పోయాం. లోపల అడుగు పెట్టగానే నేను దాన్ని చూశాను. తామరపూల గుంట, దాని పక్కన నేలలోంచి లేచిన లావు పైపు, పైపు మీద ఎర్రచక్రం. పైపులోంచి గుంటలోకి నీళ్లు పడుతున్నాయి. గుంట అప్పటికే అంచు దాకా ఉంది. నేను ముఖం తిప్పుకుని, దానికి వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్నాను.

ఒక ఆడమనిషి వచ్చి చేయి చూస్తానని సైగ చేసింది. ముక్కుకు రెండు వైపులా పుడక, భుజాన జోలె. వద్దన్నాను. సరోజమ్మ నాతో "చూపిస్తే ఏం పోతుంది" అంది. అంతే, ఆ మనిషి జోలె కింద పెట్టేసింది.

"మీరు తెలుగా?" అని అడిగింది, తెలుగులో.

సరోజమ్మ వెంటనే ఊరూ పేరూ అడిగేసింది. ఆమె పేరు ఎంగటక్క. పుట్టింది ఆ దేశమే, తాతలు పుట్టింది ఆ దేశమే. ఊరూరా తిరిగి చేతులు చూసి, పాములాడించి బతికిన కులమట. సముద్రం ఎప్పుడు దాటారో ఎవరికీ తెలియదట. ఇంట్లో మాత్రం తెలుగే. మధ్యమధ్య నాకు తెలియని మాటలు వచ్చాయి గానీ, యాస మా పక్క యాసకు దగ్గరే.

ఆమె నా చేయి చూసి చెప్పింది. "పెద్దాయనకు ఇద్దరు పెళ్లాలు."

"తెలుసు," అంది సరోజమ్మ. "రెండోది కాలవ."

వాళ్లిద్దరూ నవ్వుకుంటుండగా నా చెప్పులు తడిశాయి. గుంట పొర్లింది. నేను కాళ్లు పైకి తీసుకుని బెంచీ మీద మఠం వేసుకున్నాను. 

అదే వేళకు గుంట పక్కన ఒక పెళ్లిజంట ఫోటోలు తీయించుకుంటోంది. పిల్ల తెల్లచీర, నెత్తి నిండా నగలు. పిల్లాడు పాత రాజుల వేషం, బుట్ట చేతులు, నడుముకు పొరలు పొరలుగా గుడ్డ, నెత్తిన నాలుగు కొమ్ముల టోపీ. నీళ్లు రావడంతో ఇద్దరూ రాతిబల్ల ఎక్కి నిలబడ్డారు. ఫోటోలు తీసేవాడు మోకాళ్ల దాకా ప్యాంటు మడిచాడు. కాపలాయన ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చి, చక్రానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆ చక్రం తోటాయన తప్ప ఎవురూ ముట్టకూడదంట," అని ఎంగటక్క మాకు చెప్పింది. "తోటాయన టీకి పోయినాడంట."

నీళ్లు మా బెంచీ కింద నుంచి, దారి మీద నుంచి, గేటు దాటి రోడ్డుకు పారుతున్నాయి. సరోజమ్మ వాటినే చూస్తోంది.

"ఎంత తేట నీళ్లు," అంది.

నేను మాట్లాడలేదు.

"నేల కూడా తాగడంల్యా. ఊరికే రోడ్డుకు పోతాంది."

నేను మాట్లాడలేదు.

"ఏమయ్యా, నోరు లేదా?"

"చల్లటి గాలి," అన్నాను.

ఆమె లేచింది. తోక పొలంలో నలభై ఏళ్లు బతికింది ఆమె కూడా. కొంగు నడుముకు దోపి నడిచింది. కాపలాయన ఈల ఊదాడు. "సుమ్నె ఇరప్పా," ఊరికే ఉండవయ్యా అని కన్నడలో కసిరి అతన్ని పక్కకు నెట్టింది. చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఎడమకు తిప్పింది.

మా తూముకు ఎడమకు తిప్పితే పలక దిగుతుంది. ఆమె చూసింది అదొక్కటే. ఊళ్లలో పైపులకు అట్లా కాదు, కుడికి తిప్పాలి. మా ఊరి ట్యాంకు దగ్గర నేను చూశాను, ఆమె చూడలేదు. పైపు ఒక్కసారి గర్జించింది. నీళ్లు ఎగిరి రాజుగారి టోపీని కొట్టాయి. టోపీ తామరాకుల మధ్య తేలింది.

"ఏమయ్యా, ఇదేంది, ఎక్కువైతాంది," అంది సరోజమ్మ.

"ఏది?"

"నీళ్లయ్యా, నీళ్లు."

"నేను ఆ మాట ఎత్తకూడదు."

"ఏ పక్క తిప్పాల?"

"దేన్ని?"

ఎంగటక్క జోలె మీద కూలబడి నవ్వుతోంది. నవ్వుతూనే జరిగేదంతా సింహళంలో అందరికీ చెబుతోంది. బల్ల మీది పెళ్లికూతురు ఏదో అడిగింది, ఎంగటక్క వివరంగా చెప్పింది. పెళ్లికూతురు నావైపు తిరిగి చూసి, తర్వాత తన పెళ్లికొడుకు వైపు చాలాసేపు చూసింది. కాపలాయన నాకు చేతులు జోడించాడు.

"పెద్దాయనా, చెప్పాలంట," అంది ఎంగటక్క. "లేకుంటే ఆయన పని పోతుందంట."

"చెప్తే నా సంసారం పోతుందని చెప్పు."

ఆమె చెప్పింది. అందరూ ఒక్క గొంతుతో "అయ్యో" అన్నారు.

సరోజమ్మ చక్రం వదలకుండా నిలబడింది. తల నుంచి కారుతోంది, చీర ఒంటికి అతుక్కుపోయింది. నన్ను చూసింది.

"నువ్వు నిజంగానే చెప్పవా?"

"పొద్దు ఇంకా గూకలేదు."

ఆమె చెట్ల మీదికి చూసింది. నిజమే, ఇంకా ఉంది. ముఖం తుడుచుకుంది.

"నేను పోతే నీకు అంత కష్టమా?" అని అడిగింది. ఈసారి మెల్లగా అడిగింది.

"కాలవకాడ నుంచి నేను ఇంటికి వచ్చేదే నువ్వు ఉండావని గదమ్మే," అన్నాను. "నువ్వు లేకుంటే ఎందుకు వస్తా? ఆడ్నే ఉండిపోతా."

దీన్ని కూడా ఎంగటక్క సింహళంలోకి మార్చింది. ఎవరూ నవ్వలేదు. 

"పోను," అంది సరోజమ్మ. "తెక్కలకోటకు పోను. ఇంతమంది ముందర చెప్తాండా. ఇంక చెప్పు, ఏ పక్క?"

"కుడికి."

చక్రం బిగుసుకుపోయింది. నేనూ దిగి ఆమె చేతుల పక్కన చేతులు వేశాను. ఇద్దరం కలిసి తిప్పితే తిరిగింది. నీళ్లు ఆగాయి. తోటాయన మూతి తుడుచుకుంటూ అప్పుడొచ్చాడు.

ఊరికి వచ్చాక సరోజమ్మ ఇంటికే వచ్చింది. వచ్చి రెండు వారాలు కాకముందే మా వంతు నీళ్లు వదిలారు. నేను కంబళి చంకన పెట్టుకోగానే, ఆమె మళ్లీ తెక్కలకోట మాట ఎత్తింది. "పోను" అన్నావు కదా అంటే, తడిసిన మనిషి అన్న మాటకు లెక్క లేదు అంటోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను. రాసింది మొదట చదివి తప్పులు దిద్దేది కూడా ఆమే కాబట్టి, దిద్దేటప్పుడు ఈ కింది భాగం కొట్టేయకూడదని మనవి.

ఆ బుధవారం సాయంత్రం ఆ పార్కులో ఉండి "పోను" అన్న మాట విన్నవాళ్లు వీళ్లు, పేర్లు అప్పుడే ఎంగటక్క చేత అడిగించుకున్నాను. చేయి చూసే ఎంగటక్క, తెలుగులో విన్నది ఈమె ఒక్కతే, తక్కినవాళ్లు ఈమె నోట విన్నారు. కాపలాయన సోమపాల. పెళ్లికూతురు సందుని. పెళ్లికొడుకు దిలాన్, టోపీ లేకుండా. ఫోటోలు తీసిన రువన్. తోటాయన పీరిస్ ఉన్నాడు గానీ అంతా అయిపోయాక వచ్చాడు, ఆయన్ను సాక్షిగా లెక్కపెట్టకండి. నేను, వెంకటరాముణ్ణి. నా భార్య సరోజమ్మ, రెండు చేతులూ చక్రం మీద పెట్టి, పూర్తి తెలివితో.